వేయించిన పొద్దుతిరుగుడు గింజలు: రోజుకు ఎన్ని, ఎలా వేయించాలి, ఎవరికి పెట్టకూడదు

మీ ప్రశ్నలో నాలుగైదు ప్రశ్నలున్నాయి. సాయంత్రం కంప్యూటర్ ముందు పని చేసుకుంటూ వేయించిన పొద్దుతిరుగుడు గింజలు తింటున్నారు. పొట్టు తీసిన 200 గ్రాముల ప్యాకెట్ రెండు రోజుల్లో ఖాళీ అవుతోంది. చిప్స్ మానేసి వీటికి మారినా బరువు మాత్రం దిగలేదు. వేయిస్తే పోషకాలన్నీ పోతాయని ఒకరన్నారు, వీటిలోని ఒమేగా 6 అనే కొవ్వు వల్ల ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెరుగుతుందని ఇంకొకరన్నారు. మూడేళ్ల పాపకు, కిడ్నీ సమస్య ఉన్న మామగారికి పెట్టొచ్చా అన్నది మరో సందేహం. ఆఖరున, ఈ గింజల ముద్దతో మీరు చేస్తే లోపల ఆకుపచ్చగా మారిన బిస్కెట్ల సంగతి. తినేవాళ్లకు ఏది ఎంత తినాలో చెప్పడమే నా వృత్తి కాబట్టి ఈ గింజల గురించి ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు మీ బరువు సంగతి. నూనె వేయకుండా వేయించిన పొద్దుతిరుగుడు పప్పు 100 గ్రాముల్లో దాదాపు 580 కేలరీలుంటాయి. రెండు రోజులకు 200 గ్రాములంటే మీరు రోజూ తింటున్నది అదే. ఒక పూట భోజనానికి సరిపోయే శక్తి అది, పైగా అసలు భోజనాలేవీ మీరు తగ్గించలేదు. గింజల్లో సగం బరువు నూనే. 100 గ్రాముల్లో కొవ్వు 50 గ్రాముల దాకా, మాంసకృత్తులు 19 గ్రాములు ఉంటాయి. పీచు 9 నుంచి 11 గ్రాములు. మంచి కొవ్వే కావచ్చు, కానీ ఒక గ్రాము కొవ్వుకు 9 కేలరీలన్న లెక్క మంచి కొవ్వుకైనా మారదు. చిప్స్ ప్యాకెట్ మీద కూడా 100 గ్రాములకు కేలరీలు సుమారుగా ఇంతే ఉంటాయి. అందుకే చిప్స్ నుంచి గింజలకు మారితే నాణ్యత పెరిగింది గానీ లెక్క మారలేదు.

రోజుకు 30 గ్రాములు చాలు. పెద్దవాళ్ల గుప్పిట్లో నిండుగా పట్టేంత. అందులో 170 కేలరీలు, ఐదున్నర ఆరు గ్రాముల మాంసకృత్తులు, మూడు గ్రాముల పీచు వస్తాయి. అన్నింటికంటే విలువైనది విటమిన్ ఇ, 7 నుంచి 8 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాములు కావాలన్న ప్రమాణం ప్రకారం చూస్తే సగం అవసరం ఈ ఒక్క గుప్పెడుతోనే తీరిపోతుంది. విటమిన్ ఇ ఇంత తేలిగ్గా దొరికే తిండి పదార్థాలు ఎక్కువ లేవు. నన్నడిగితే ఈ గింజలు తినడానికి అసలు కారణం ఇదే. సెలీనియం, రాగి, ఫోలేట్ కూడా బాగానే ఉంటాయి. అయితే సెలీనియం ఎంత ఉంటుందన్నది పంట పండిన నేలను బట్టి మారుతుంది. మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం కాస్త తక్కువ. పప్పుధాన్యాల్లో అది పుష్కలంగా ఉంటుంది కాబట్టి రోజులో ఎప్పుడో ఒకప్పుడు అవి తినేవాళ్లకు ఈ లోటు లెక్కలోకి రాదు. జుట్టు పెరుగుతుంది, నిద్ర బాగా పడుతుంది అంటూ తిరిగే మాటలను పట్టించుకోకండి.

ప్యాకెట్ పక్కన పెట్టుకుని తింటే గుప్పెడు దగ్గర ఆగడం ఎవరికీ చేతకాదు. పొట్టు తీసిన పప్పు నోట్లో వేసుకోవడం తప్ప చేయాల్సిన పనేమీ ఉండదు కదా, కళ్లు తెర మీద ఉంటే చేయి దాని పని అది చేసుకుపోతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. చిన్న గిన్నెలో 30 గ్రాములు కొలిచి పోసుకుని ప్యాకెట్‌ను వేరే గదిలో పెట్టేయడం ఒకటి. పొట్టుతో ఉన్న గింజలు కొనడం రెండోది. ఒక్కో గింజ కొరకాలి, పప్పు తీయాలి, పొట్టు పక్కన పెట్టాలి. దాంతో వేగం దానంతటదే తగ్గుతుంది. పళ్లెంలో పొట్టు కుప్ప పెరుగుతుంటే ఎంత తిన్నారో కూడా కళ్లకు కనిపిస్తుంది. పొట్టు గింజల బరువులో దాదాపు సగం పొట్టే కాబట్టి 60 గ్రాములు తీసుకుంటే 30 గ్రాముల పప్పు దక్కుతుంది.

పొట్టు గింజలతో వేరే ఇబ్బందులు లేకపోలేదు. వాటిని ఉప్పు నీళ్లలో నానబెట్టి వేయిస్తారు, ఉప్పంతా పైపొట్టుకు పట్టి ఉంటుంది. పొట్టు మింగకపోయినా నోట్లో చప్పరించినంత సేపూ ఆ ఉప్పు లోపలికి పోతూనే ఉంటుంది. ముందు పళ్లతో ఒకే చోట ఏళ్ల తరబడి కొరికేవాళ్లకు ఆ పంటి అంచున చిన్న నొక్కు పడుతుంది. దంత వైద్యులు దాన్ని చూడగానే గుర్తుపట్టేస్తారు. పొట్టును మాత్రం మింగకండి. అది అరగదు. ఎక్కువగా మింగితే పేగు చివర గట్టి ఉండలా పేరుకుని, ఆసుపత్రిలో తీయించుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. ముఖ్యంగా పిల్లల్లో ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో చాలానే నమోదయ్యాయి. పీచు కదా, మంచిదేగా అని పొట్టుతో సహా నమిలేవాళ్లను నేను చూశాను. ఆ పీచు మన కడుపుకు పనికొచ్చేది కాదు.

ఇక వేయిస్తే పోషకాలు పోతాయా అన్న ప్రశ్న. కొన్ని పోతాయి, చాలావరకు ఉంటాయి. ఎక్కువగా దెబ్బతినేది థయామిన్, అంటే విటమిన్ బి1. పచ్చి పప్పు 100 గ్రాముల్లో ఇది ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా ఉంటే, వేయించిన దాంట్లో 0.1 మిల్లీగ్రాము దరిదాపుల్లోనే మిగులుతుంది. వేడికి తట్టుకోలేని విటమిన్ అది. విటమిన్ ఇ అంతగా పోదు. పచ్చివాటిలో 35 మిల్లీగ్రాములుంటే వేయించినవాటిలో 26 మిగులుతుంది. ఖనిజాలు వేడికి ఆవిరయ్యేవి కావు. పోషక పట్టికల్లో పచ్చి గింజలకు, వేయించిన గింజలకు మెగ్నీషియం అంకెల్లో పెద్ద తేడా కనిపిస్తే అది పరీక్షకు తీసుకున్న నమూనాల తేడా అనుకోండి, మూకుట్లో జరిగిన నష్టం కాదు. మాంసకృత్తులు, పీచు, కొవ్వు ఎక్కడికీ పోవు. బి1 కోసం ఎవరూ పొద్దుతిరుగుడు గింజల మీదే ఆధారపడరు కాబట్టి వేయించినవి తింటే నష్టమేమీ లేదు. పచ్చివి చప్పగా ఉండి డబ్బాలోనే మిగిలిపోతే వాటిలోని బి1 ఎవరికి అందినట్టు?

నా దృష్టిలో వేయించడం కంటే వేయించాక ఎంతకాలం నిల్వ ఉందన్నదే పెద్ద ప్రశ్న. మామూలు రకం గింజల నూనెలో ఎక్కువ భాగం లినోలియిక్ ఆమ్లం, మీరడిగిన ఒమేగా 6 ఇదే. ఆలివ్ నూనెలో ప్రధానంగా ఉండే ఓలియిక్ ఆమ్లంతో పోలిస్తే ఇది సుమారు పది రెట్లు వేగంగా గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది. పచ్చి గింజలో కణాల గోడలు చెక్కుచెదరకుండా ఉండి నూనెను కాపాడతాయి. వేయించగానే అవి చిట్లి, నూనె పైకి తేలి, గాలికి దొరికిపోతుంది. గింజలోని విటమిన్ ఇ చేసే పని ఆ నూనె చెడిపోకుండా కాపలా కాయడమే. కాపలా కాస్తూ కాస్తూ తానే ఖర్చయిపోతుంది. అందుకే ముక్కిపోయిన గింజల్లో రుచితో పాటు మనం దేనికోసం తింటున్నామో ఆ విటమిన్ కూడా తగ్గిపోయి ఉంటుంది. ప్యాకెట్ కొత్తగా తెరిచినప్పుడు ఒక్క పప్పు నమిలి చూడండి. ముందు కమ్మగా అనిపించి, మింగాక గొంతు వెనక చేదు తగిలితే, లేదా పాత నూనె వాసన, రంగు డబ్బా వాసన వస్తే అది పాడైనట్టే. ఉప్పు, మసాలా దట్టంగా పట్టించిన ప్యాకెట్లలో ఈ చేదు దొరకదు. రకరకాల రుచుల ప్యాకెట్ల మీద నాకు సదభిప్రాయం లేకపోవడానికి అదొక కారణం.

ప్యాకెట్‌లో నైట్రోజన్ నింపి సీలు వేస్తే నెలల తరబడి నిలవొచ్చు. తెరిచిన క్షణం నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది, ప్యాకెట్ మీది తేదీ ఆ తర్వాత పనికిరాదు. గాలి చొరబడని గాజు సీసాలో, వెలుతురు పడని చోట పెట్టుకుని రెండు మూడు వారాల్లో తినేయండి. ఎండాకాలమైనా, ఎక్కువ కొన్నా ఫ్రిజ్‌లో పెట్టండి. ‘హై ఓలియిక్’ (ఓలియిక్ ఆమ్లం ఎక్కువుండేది) అని రాసి ఉన్న రకం దొరికితే అది మరికొంత ఎక్కువ కాలం నిలుస్తుంది.

పచ్చి పప్పు తెచ్చుకుని వారానికి సరిపడా ఇంట్లోనే వేయించుకోవడం నాకు అన్నింటికంటే నచ్చిన పద్ధతి. అడుగు మందంగా ఉన్న మూకుడు సన్నని సెగ మీద పెట్టి, పప్పు ఒక్క వరుసగా పరుచుకునేంతే వేయండి. నూనె అక్కర్లేదు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, తేమ పోతుంటుంది అంతే. సెగ పెంచాలనిపించేది అప్పుడే, పెంచకండి. తర్వాత చిన్నగా చిటపట మొదలవుతుంది, బూడిద రంగు పప్పు మీగడ రంగులోకి తిరుగుతుంది, కమ్మటి వాసన వస్తుంది. ఇక్కణ్నుంచి గరిటె ఆపకూడదు. ఒక పప్పు తీసి గోటితో మధ్యకు విరిచి చూడండి. పైన దోరగా ఉండి లోపల ఇంకా తెల్లగా ఉంటే ఇంకో నిమిషం వేయించాలి. లోపల కూడా లేత గోధుమ రంగు కనబడిందంటే అప్పటికే ఆలస్యమవుతున్నట్టు, వెంటనే దించి చల్లటి పళ్లెంలోకి ఒంపేయండి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయి. వేడిగా ఉన్నప్పుడు కొరికితే మెత్తగా తగులుతాయి, వేగలేదనుకుని మళ్లీ పొయ్యి మీద పెట్టేవాళ్లున్నారు. కరకర చల్లారాకే వస్తుంది. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి కదిపితే చాలు. నల్లబడేదాకా వేయిస్తే చేదెక్కడమే కాదు, ఎక్కువ వేడికి ఏర్పడే యాక్రిలమైడ్ లాంటి అక్కర్లేనివి కూడా పెరుగుతాయి.

ఉప్పు విషయంలో ఒక చిట్కా. పొడి ఉప్పు చల్లితే పప్పుకు అంటదు, గిన్నె అడుగుకు జారిపోతుంది. రుచి తగల్లేదని మళ్లీ వేస్తారు. 100 గ్రాముల పప్పుకు ఒక గ్రాము ఉప్పును చెంచాడు నీళ్లలో కరిగించి, దించడానికి నిమిషం ముందు మూకుట్లో చిలకరించండి. సుయ్యిమని నీళ్లు ఆవిరై పప్పు మీద పల్చటి తెల్లటి పొర నిలుస్తుంది. నాలుకకు తగిలేది పైనున్న ఉప్పే కాబట్టి ఆ కాస్తే చాలు. 30 గ్రాములు తింటే ఒంట్లోకి చేరేది 0.3 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజువారీ హద్దు 5 గ్రాములు.

కొన్న ప్యాకెట్ అయితే లేబుల్ మీద సోడియం చూడండి. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములకు సోడియం 120 మిల్లీగ్రాములు దాటకపోతే తక్కువ ఉప్పున్నట్టు లెక్క. ఉప్పు వేసిన ప్యాకెట్లు చాలావరకు ఆ గీత దాటే ఉంటాయి. పొట్టు గింజల ప్యాకెట్‌పై ఇచ్చిన అంకె ఒట్టి పప్పుకా, పొట్టుతో కలిపా అన్నది కూడా చదవండి. నూనెలో వేయించినవా, నూనె లేకుండా వేయించినవా అని చాలామంది మథన పడుతుంటారు. 100 గ్రాములకు కేలరీల్లో తేడా నిజానికి 10 మాత్రమే, నూనె లేనివి 582, నూనెలో వేయించినవి 592. గింజ నిండా ముందే నూనె ఉంది, బయటి నుంచి పెద్దగా పీల్చుకోదు. చూడాల్సింది ఏ నూనె వాడారన్నది, చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి చేసే పొడి) ఏమైనా చేర్చారా అన్నది.

ఇక్కడే ఇంకో మాట. విత్తనాల కోసం అమ్మే పొద్దుతిరుగుడు గింజలను ఎట్టి పరిస్థితుల్లోనూ వేయించుకుని తినకండి. వాటికి తెగులు మందులు, పురుగు మందులు పట్టించి ఉంటాయి. గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగు పూత కనిపిస్తే సందేహమే అక్కర్లేదు. కడిగితే పోయేవి కావవి. పక్షుల మేత కోసం అమ్మేవి కూడా మనుషుల తిండికి తగ్గట్టు శుభ్రం చేసినవి కావు.

ఒమేగా 6 భయం సంగతికొస్తే, లినోలియిక్ ఆమ్లం నుంచి శరీరం వాపు కలిగించే పదార్థాలను తయారు చేసుకోగలదన్నది రసాయన శాస్త్రంలో నిజమే. ఆ ఒక్క ముక్క పట్టుకునే ఈ ప్రచారమంతా. మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో మాత్రం లినోలియిక్ ఆమ్లం ఎక్కువ తిన్నంత మాత్రాన రక్తంలో వాపు సూచికలు పెరగలేదు. వెన్న లాంటి సంతృప్త కొవ్వుల బదులు ఇలాంటి కొవ్వులు తీసుకుంటే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుందన్నది బాగా రుజువైన సంగతి. రోజువారీ శక్తిలో 5 నుంచి 10 శాతం ఒమేగా 6 నుంచి రావడం గుండెకు మంచిదేనని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2009లోనే చెప్పింది. అసలు లోటు వేరే ఉంది, ఈ గింజల్లో ఒమేగా 3 దాదాపు లేనట్టే. అందుకని వీటిని మానేయక్కర్లేదు. అవిసె గింజలో, అక్రోటో, చేపలో వేరుగా తినాలి. వారంలో కొన్ని రోజులు వీటి బదులు అక్రోట్లు తింటే ఆ పనీ జరిగిపోతుంది.

అలా మార్చి మార్చి తినమనడానికి ఇంకో కారణం కాడ్మియం అనే విషపూరిత భార లోహం. పొద్దుతిరుగుడు మొక్క నేలలోని భార లోహాలను ఇట్టే లాగేసుకుంటుంది. ఎంతగా అంటే 1990ల్లో, అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్ దగ్గరి ఒక చెరువులో తెప్పల మీద ఈ మొక్కలను పెంచి నీళ్లలోని రేడియోధార్మిక సీసియం, స్ట్రాన్షియంలను తొలగించే ప్రయోగాలు చేశారు. నేలలో కాడ్మియం ఉంటే కొంత గింజల్లోకీ చేరుతుంది, ఒంట్లోకి వెళ్లాక అది కిడ్నీల్లో ఏళ్ల తరబడి పేరుకుపోతుంది. రోజుకో గుప్పెడు తినేవాళ్లు దీని గురించి బెంగపడక్కర్లేదు. ఏళ్ల తరబడి రోజూ 100 గ్రాములంటే మాత్రం నేను ఒప్పుకోను.

పాప విషయంలో నా సమాధానం సూటిగా ఉంటుంది, వద్దు. నాలుగేళ్లలోపు పిల్లలకు గింజలు, పలుకులు అలాగే పెట్టకూడదు, కొన్ని దేశాల్లో ఐదేళ్ల దాకా ఆగమంటారు. నవ్వుతూనో పరుగెత్తుతూనో తింటుంటే పప్పు గాలి గొట్టంలోకి జారిపోతుంది. చిన్నది కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ చిన్నతనం వల్లే అది లోతుగా వెళ్లి ఊపిరితిత్తిలో ఇరుక్కుంటుంది. మెత్తగా పొడి కొట్టి తినే పదార్థంలో కలిపి పెట్టండి, లేదా మెత్తటి ముద్దలా నూరి పల్చగా రాసి ఇవ్వండి. మొదటిసారి అర చెంచాతో మొదలుపెట్టి ఆ రోజంతా గమనించండి. ఈ గింజల అలర్జీ అరుదే అయినా వచ్చినప్పుడు తీవ్రంగా ఉండొచ్చు. పెదాలు, ముఖం ఉబ్బినా, దద్దుర్లతో పాటు ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మామగారి విషయం వాళ్ల డాక్టరే తేల్చాలి. అయితే ఏం అడగాలో చెబుతాను. ఈ గింజల్లో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, 100 గ్రాముల్లో 1,150 మిల్లీగ్రాముల దాకా. అంటే గుప్పెడులో 350. ఫాస్ఫరస్ తగ్గించుకోమన్న కిడ్నీ రోగులకు రోజు మొత్తానికి 800 నుంచి 1,000 అని హద్దు పెట్టడం మామూలు. గింజల్లోని ఫాస్ఫరస్‌లో చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, శరీరం దాన్ని పూర్తిగా గ్రహించలేదు. కాబట్టి అంకె భయపెట్టినంత ప్రమాదం ఉండకపోవచ్చు. గుప్పెడులో పొటాషియం కూడా 250 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఈమధ్య చేయించిన రక్త పరీక్షలో ఫాస్ఫరస్, పొటాషియం ఎంతెంత ఉన్నాయో చూపించి, ‘వారానికి రెండుసార్లు చెంచాడు తినొచ్చా’ అని అడగండి. ఉప్పు వేసినవి మాత్రం అడగక్కర్లేకుండానే మానేయొచ్చు. ఆయన రక్తం పలచబడే మందులు వాడుతున్నారని కూడా రాశారు. అలాంటి కొన్ని మందుల పనికి అడ్డొచ్చే విటమిన్ కె ఈ గింజల్లో నామమాత్రమే, అటు నుంచి ఇబ్బంది లేదు. విటమిన్ ఇ వల్ల రక్తస్రావం జరుగుతుందన్న హెచ్చరిక పెద్ద మోతాదు మాత్రలకు వర్తిస్తుంది, తిండిలో వచ్చేదానికి కాదు.

మిగిలింది బిస్కెట్లు. గింజల ముద్ద కలిపి చేసిన బిస్కెట్లు మర్నాటికి లోపల ఆకుపచ్చగా మారాయని, బూజేమోనని పారేశారట. అయ్యో, అవి పాడవలేదండీ. పొద్దుతిరుగుడు గింజల్లో క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటుంది. పిండిలో వేసిన వంట సోడా క్షార గుణం వల్ల అది మాంసకృత్తులతో కలిసి ఆకుపచ్చ రంగునిస్తుంది. ఎలాంటి హానీ లేదు. బూజైతే పైన నూగులా, మచ్చలు మచ్చలుగా పడుతుంది, ఇది లోపలంతా సమానంగా పరుచుకుంటుంది. ఈసారి సోడా సగానికి తగ్గించి, పిండిలో చెంచాడు నిమ్మరసం పిండండి. రంగు చాలావరకు రాదు. వచ్చినా నిశ్చింతగా తినొచ్చు.